తాగునీటిలో క్రిమినాశన ఉపోత్పత్తులు: మాదాపూర్, హైదరాబాద్ ఐటీ కారిడార్

తాగునీటిలోని రోగక్రిములను చంపడానికి వేసే క్లోరిన్, ఓజోన్ వంటి రసాయనాలు నీటిలో అప్పటికే కరిగి ఉన్న సేంద్రియ పదార్థంతోనూ బ్రోమైడ్ వంటి లవణాలతోనూ కలిసినప్పుడు పుట్టే కొత్త పదార్థాలను క్రిమినాశన ఉపోత్పత్తులు అంటారు. ఇవి ఎవరో తెచ్చి నీటిలో పోసినవి కావు. నీటిని శుభ్రం చేసే పనిలోనే పుడతాయి. ఇప్పటిదాకా గుర్తించినవి 700కు పైనే ఉన్నాయి. వాటిలో పరిమితులు నిర్ణయించి, క్రమం తప్పకుండా కొలుస్తున్నవి కొద్ది మాత్రమే.

హైదరాబాద్ పడమటి దిక్కున మాదాపూర్, హైటెక్ సిటీ, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఇక్కడికి వచ్చే నీళ్లు ఎక్కడో నదిలో బయలుదేరి, క్లోరిన్ కలుపుకొని పదుల కిలోమీటర్లు గొట్టాల్లో ప్రయాణిస్తాయి. ఆ తర్వాత అపార్ట్‌మెంటు సంపులో, మేడ మీది ట్యాంకులో గంటల తరబడి నిలుస్తాయి. ఉపోత్పత్తులు పెరగడానికి కావలసిన సమయం, వేడి ఈ దారిలోనే దొరుకుతాయి.

క్లోరిన్ వాడకం, ఉపోత్పత్తుల గుర్తింపు

1908 సెప్టెంబర్ 26న అమెరికాలోని జెర్సీ సిటీలో డాక్టర్ జాన్ లీల్ చొరవతో నగరం మొత్తానికీ నిరంతరంగా క్లోరిన్ కలిపిన నీటి సరఫరా మొదలైంది. సరిగ్గా రెండు రోజులకు, సెప్టెంబర్ 28న, హైదరాబాద్‌ను మూసీ వరద ముంచెత్తింది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్‌సాగర్ 1920లోనూ హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలే దశాబ్దాల పాటు నగరానికి మంచినీళ్లు ఇచ్చాయి.

క్లోరిన్ వచ్చాక టైఫాయిడ్, కలరా మరణాలు నగరాల్లో వేగంగా తగ్గాయి. దాని రెండో ముఖం బయటపడడానికి మరో 66 ఏళ్లు పట్టింది. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్, క్లోరిన్ వేసిన నీటిలో క్లోరోఫామ్ పుడుతోందని చూపారు. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శాస్త్రవేత్తలూ అదే సంగతి ప్రకటించారు. 1976లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థ, ఎక్కువ మోతాదులో క్లోరోఫామ్ ఇచ్చిన ఎలుకలకూ చుంచులకూ మూత్రపిండాల్లో, కాలేయంలో కణుతులు వచ్చాయని తేల్చింది. 1979లో అమెరికా తొలి పరిమితి విధించింది.

ఎలా పుడతాయి

క్లోరిన్ నీటిలో కరిగితే హైపోక్లోరస్ ఆమ్లం అవుతుంది. క్రిములను చంపేది అదే. బ్లీచింగ్ పౌడర్ వేసినా, హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం పోసినా నీటిలో తయారయ్యేది ఇదే. అది క్రిమినీ, కుళ్లిన ఆకునీ వేరుగా చూడదు, ఎదురైన ప్రతి సేంద్రియ పదార్థాన్నీ ఆక్సీకరిస్తుంది. చెరువుల్లో, జలాశయాల్లో ఆకులు, గడ్డి, నాచు కుళ్లి నీటికి లేత టీ రంగు తెచ్చే హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలు ఉంటాయి. క్లోరిన్ వాటిని ముక్కలు చేసినప్పుడు క్లోరిన్ పరమాణువులు అతుక్కున్న చిన్న అణువులు మిగులుతాయి. నీటిలో బ్రోమైడ్ ఉంటే క్లోరిన్ దాన్ని బ్రోమిన్‌గా మార్చి, బ్రోమిన్ ఉన్న ఉపోత్పత్తులను కూడా పుట్టిస్తుంది. వీటిలో చాలావాటికి క్లోరిన్ రూపాల కన్నా విషగుణం ఎక్కువ.

ఎంత పుడతాయన్నది ఆరు విషయాల మీద ఆధారపడుతుంది: నీటిలోని సేంద్రియ పదార్థం, వేసిన క్లోరిన్ మోతాదు, రెండూ కలిసి ఉన్న సమయం, నీటి వేడి, పి.హెచ్, బ్రోమైడ్. ఈ ఆరింటిలో శుద్ధి కేంద్రం చేతిలో ఉండేవి కొన్నే. సమయం, వేడి చాలావరకు నీరు వెళ్లే దారిలోనూ ఇళ్లలోనూ తేలతాయి.

ప్రధాన రకాలు

ట్రైహాలోమీథేన్లు నాలుగు: క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫామ్. ఇవి తేలిగ్గా ఆవిరవుతాయి. క్లోరోఫామ్ 61 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. అందుకే ఇవి తాగిన నీటి ద్వారానే కాక, వేడినీళ్ల స్నానంలో గాలి ద్వారా, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరతాయి.

హాలోఎసిటిక్ ఆమ్లాలు రెండో పెద్ద వర్గం. డైక్లోరోఎసిటిక్, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాలు వీటిలో ముఖ్యం. ఇవి ఆవిరి కావు, ప్రధానంగా తాగడం ద్వారానే ఒంట్లోకి వస్తాయి. పి.హెచ్ పెరిగితే ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి, తగ్గితే హాలోఎసిటిక్ ఆమ్లాలు పెరుగుతాయి. ఒకదాన్ని తగ్గించబోతే రెండోది పెరగవచ్చు కాబట్టి రెంటినీ కలిపి చూడాలి.

క్లోరిన్‌కు బదులు వేరేది వాడితే ఉపోత్పత్తులు మారతాయే గాని పూర్తిగా పోవు. ఓజోన్ వాడితే, నీటిలో బ్రోమైడ్ ఉన్నప్పుడు బ్రోమేట్ పుడుతుంది. క్లోరిన్ డయాక్సైడ్‌తో క్లోరైట్, క్లోరేట్ వస్తాయి. క్లోరమైన్ వాడితే ట్రైహాలోమీథేన్లు తగ్గుతాయి కాని, నైట్రోసమైన్లు అనే మరో వర్గం పుట్టవచ్చు. చాలాకాలం నిలవ ఉన్న హైపో ద్రావణంలో క్లోరేట్ దానంతట అదే పెరుగుతుంది. సీసా నీళ్లకూ మినహాయింపు లేదు. 2004లో బ్రిటన్‌లో కోకాకోలా సంస్థ తన డసాని నీళ్ల సీసాలు సుమారు 5 లక్షలు వెనక్కి తీసుకుంది. ఓజోన్ శుద్ధిలో పుట్టిన బ్రోమేట్ పరిమితి దాటడమే కారణం.

నది నుంచి మాదాపూర్ దాకా

హైదరాబాద్ నీటి సరఫరా బాధ్యత 1989లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలిది. నగరంలో అందరూ జలమండలి అనే అంటారు. 1965లో మంజీరా తొలి దశతో నగరం తన చెరువులు దాటి బయటి నీటి వైపు చూసింది. 1981లో మంజీరా రెండో దశ, 1990ల మొదట్లో సింగూరు జలాశయం నుంచి మరో రెండు దశలు వచ్చాయి. ఆ నీళ్లు రాజంపేట, కలబ్‌గూర్, పెద్దాపూర్ కేంద్రాల్లో శుద్ధి అయి, పటాన్‌చెరు, లింగంపల్లి వైపు నుంచి నగరంలోకి దిగుతాయి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక మాదాపూర్ చుట్టూ పెరిగిన నగరానికి పడమటి వైపు నుంచి వచ్చే ఈ నీళ్లే మొదటి ఆసరా.

అవి చాలకపోవడంతో నాగార్జునసాగర్ జలాశయం నుంచి కృష్ణా నీళ్లు 2004, 2008, 2015లలో మూడు దశలుగా వచ్చాయి. అక్కంపల్లి దగ్గర నిలవ చేసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసిన ఆ నీళ్లు వంద కిలోమీటర్లు దాటి ప్రయాణిస్తాయి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్ల దారి ఇంకా పొడవు, సుమారు 186 కిలోమీటర్లు.

ఇంత దూరం వచ్చే నీటిలో చివరి నల్లా దాకా క్లోరిన్ మిగలాలంటే బయలుదేరే చోట ఎక్కువ వేయాలి, లేదా దారిలో జలాశయాల దగ్గర మళ్లీ కలపాలి. మొదటి పద్ధతిలో మోతాదూ సమయమూ రెండూ పెరిగి ఉపోత్పత్తులు ఎక్కువవుతాయి. దారి మధ్యలో కొద్దికొద్దిగా కలిపితే తక్కువ మోతాదుతో పని జరుగుతుంది. ఎండాకాలంలో జలాశయం అడుగంటినప్పుడు నాచు, అడుగు బురదలోని సేంద్రియ పదార్థం నీటిలో ఎక్కువగా ఉంటాయి. తొలకరి వరదలో కొట్టుకొచ్చే చెత్తాచెదారం కూడా అంతే. ఈ రెండు కాలాల్లో శుద్ధి కేంద్రాల పని కష్టమవుతుంది.

మాదాపూర్‌కు ఒకప్పుడు సొంత నీరు ఉండేది. ఐటీ భవనాల నడుమ ఇప్పుడు కనిపించే దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు మంచినీళ్లు ఇచ్చింది. నగరపు మురుగు చేరాక ఆ చెరువు తాగునీటికి పనికిరాకుండా పోయింది. సేంద్రియ పదార్థం అంతగా పెరిగిన నీటికి ఎంత క్లోరిన్ వేసినా చాలదు, వేసినకొద్దీ ఉపోత్పత్తులే పెరుగుతాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ ఆంక్షలను 2022లో సడలించారు. జలాశయంలోకి మురుగు రాకుండా ఆపడమే ఉపోత్పత్తుల మీద మొదటి కట్టడి.

సంపు, ట్యాంకు, గీజరు

హైదరాబాద్‌లో చాలా చోట్ల నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, కొద్ది గంటలే వస్తాయి. మాదాపూర్ అపార్ట్‌మెంట్లలో, హాస్టళ్లలో అవి సంపులోకి దిగుతాయి. చాలా చోట్ల అదే సంపులోకి బోరు నీళ్లూ, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లూ వచ్చి కలుస్తాయి. శుద్ధి కేంద్రంలో ఎంతో జాగ్రత్తగా లెక్కగట్టిన మోతాదుకు ఇక్కడ అర్థం మారిపోతుంది. సంపు అడుగున బురద పేరుకుని ఉంటే, నల్లాతో వచ్చిన క్లోరిన్ ఆ బురద మీదే ఖర్చయిపోతుంది. అప్పుడు ఉపోత్పత్తులు పెరుగుతాయి, క్రిముల నుంచి రక్షణ పోతుంది. ఒకే మురికి వల్ల రెండు నష్టాలు.

సంపు నుంచి మోటారుతో నీళ్లు మేడ మీది ట్యాంకుకు ఎక్కుతాయి. మే నెల మధ్యాహ్నం నల్ల ప్లాస్టిక్ ట్యాంకు కింది నల్లా తిప్పితే చెయ్యి పెట్టలేనంత వేడిగా నీళ్లు పడతాయి. ఆ వేడికి క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది, అది మిగిలి ఉన్నంతసేపు ట్రైహాలోమీథేన్లు వేగంగా పుడతాయి. గీజరులోనూ ఇదే జరుగుతుంది. తలుపూ కిటికీ మూసిన స్నానాలగదిలో వేడినీళ్ల షవర్ కింద నిలబడితే ఆ ఆవిరితో పాటు ఇవీ ఊపిరిలోకి వెళ్తాయి.

బోరు నీళ్లలో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువే కాబట్టి శుభ్రమైన బోరు నీటికి క్లోరిన్ వేస్తే ఉపోత్పత్తులు పెద్దగా పుట్టవు. అయితే లవణాలు ఎక్కువున్న భూగర్భజలంలో బ్రోమైడ్ కూడా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. మురుగు ఇంకిన చోట బోరులోకి సేంద్రియ పదార్థమూ చేరుతుంది.

సంపులో బ్లీచింగ్ పౌడర్‌ను దోసిళ్లతో చల్లడం మంచిది కాదు. తాజా పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. 10,000 లీటర్ల సంపులో లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు రావాలంటే 60 గ్రాములు చాలు. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక, పైతేట మాత్రమే పోయాలి. అరగంట తర్వాత మిగులు క్లోరిన్ చూడాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే క్లోరిన్ అంత ఎక్కువ. రంగు మారకపోతే నీటికి రక్షణ లేదని అర్థం. ఈ పరీక్ష క్లోరిన్‌ను చూపుతుంది గాని ఉపోత్పత్తులను చూపదు. వాటికి గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఉన్న ప్రయోగశాల కావాలి. వాసనను బట్టి తేల్చుకోవడమూ కుదరదు. ముక్కుకు తగిలేది క్లోరిన్ ఘాటే, నీటిలో ఉండే కొద్దిపాటి క్లోరోఫామ్‌ను ముక్కు పట్టలేదు.

గేటెడ్ కమ్యూనిటీల ఈత కొలనులు ఇదే సమస్యకు మరో రూపం. చెమట, మూత్రం, ఒంటి నూనెలతో క్లోరిన్ కలిసి ట్రైక్లోరమైన్ పుడుతుంది. కొలను దగ్గర కళ్లు మండించే వాసన చాలావరకు దానిదే. కొలనులో దిగేముందు స్నానం చేయడం వల్ల ఇది బాగా తగ్గుతుంది.

ఆరోగ్యంపై ప్రభావం

ఉపోత్పత్తుల వల్ల వెంటనే జబ్బు రాదు. ఆందోళన అంతా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్లడం గురించే. అన్నిటికన్నా బలమైన ఆధారం మూత్రాశయ కేన్సర్ విషయంలో ఉంది. యూరప్, ఉత్తర అమెరికాల్లో జరిగిన పలు అధ్యయనాల్లో, దశాబ్దాల పాటు ట్రైహాలోమీథేన్లు ఎక్కువున్న నీళ్లు తాగిన మగవారిలో ఈ ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. 2020లో 26 ఐరోపా దేశాలపై వెలువడిన అంచనా ప్రకారం అక్కడి మూత్రాశయ కేన్సర్లలో దాదాపు 5 శాతం ఈ పదార్థాలతో ముడిపడి ఉండవచ్చు. ఈ కేన్సర్‌కు అతిపెద్ద కారణం మాత్రం పొగతాగడమే. పెద్దపేగు కేన్సర్‌తోనూ, గర్భిణుల్లో బిడ్డ బరువు తగ్గడంతోనూ ఉన్న సంబంధంపై ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒక్కొక్కరి జన్యువులను బట్టి శరీరం వీటిని విరిచే తీరు మారుతుందనీ, అందుకే ముప్పు అందరికీ ఒకేలా ఉండదనీ స్పెయిన్‌లో జరిగిన పరిశోధనలు సూచించాయి.

అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ క్లోరోఫామ్, బ్రోమోడైక్లోరోమీథేన్, డైక్లోరోఎసిటిక్ ఆమ్లం, ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాలను మనుషుల్లో కేన్సర్ కారకాలు అయ్యే అవకాశం ఉన్న 2బి వర్గంలో చేర్చింది. క్లోరిన్ వేసిన తాగునీటిని మాత్రం 1991లో, వర్గీకరించడానికి తగిన ఆధారం లేని మూడో వర్గంలో ఉంచింది.

పరిమితులు

భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 10500: 2012 ప్రకారం లీటరు తాగునీటిలో క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోఫామ్ 0.1, డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06 మిల్లీగ్రాములు మించరాదు. అమెరికాలో నాలుగూ కలిపి 80 మైక్రోగ్రాములు, అయిదు హాలోఎసిటిక్ ఆమ్లాలు కలిపి 60 మైక్రోగ్రాములు పరిమితి. ఐరోపా సమాఖ్య నాలుగు ట్రైహాలోమీథేన్ల మొత్తానికి 100 మైక్రోగ్రాములు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరోఫామ్‌కు 300 మైక్రోగ్రాములు సూచించింది.

ఈ అంకెల అర్థం ఒక లెక్కతో తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనిషి బరువులో కిలోకు రోజుకు 15 మైక్రోగ్రాముల క్లోరోఫామ్ దాకా జీవితాంతం ఒంట్లోకి వెళ్లినా హాని ఉండదు. 60 కిలోల మనిషికి అది 900 మైక్రోగ్రాములు. భారత పరిమితి అంచుదాకా క్లోరోఫామ్ ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే చేరేది 400 మైక్రోగ్రాములు.

అదే భారత ప్రమాణం మిగులు క్లోరిన్‌కు కింది హద్దు కూడా పెట్టింది. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గకూడదు. వైరస్‌ల నుంచి రక్షణ అవసరమైనప్పుడు కనీసం 0.5 ఉండాలి.

రెండు ముప్పుల తూకం

ఆ కింది హద్దు ఎందుకన్నది మాదాపూర్ అనుభవమే చెబుతుంది. 2022 ఏప్రిల్‌లో ఇక్కడి వడ్డెర బస్తీలో పదుల సంఖ్యలో జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. ఒకరు చనిపోయారు. కలుషితమైన నీళ్లే కారణమని బస్తీవాసులు చెప్పారు. అంతకుముందు 2009 మే నెలలో నగరంలోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి పదిమందికి పైగా మరణించారు. నీళ్లు వదలని గంటల్లో గొట్టాల్లో ఒత్తిడి పడిపోయి, పక్కనున్న మురుగు పగుళ్ల గుండా లోపలికి చేరుతుంది. అప్పుడు అడ్డు నిలిచేది మిగులు క్లోరిన్ ఒక్కటే.

ఉపోత్పత్తుల ముప్పు కొద్దిమందిలో, దశాబ్దాల తర్వాత కనిపించేది. క్రిముల ముప్పు రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలది, అదీ పసిపిల్లలకూ వృద్ధులకూ ముందుగా. ఉపోత్పత్తుల భయంతో క్రిమినాశనంలో రాజీ పడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. తగ్గించవలసింది క్లోరిన్‌ను కాదు, క్లోరిన్‌కు ఎదురయ్యే మురికిని.

తగ్గించే మార్గాలు

శుద్ధి కేంద్రంలో అన్నిటికన్నా ఫలితమిచ్చే పని, క్లోరిన్ వేయడానికి ముందే సేంద్రియ పదార్థాన్ని తీసేయడం. పటిక మోతాదును, పి.హెచ్‌ను సరిచూసుకుంటే మడ్డితో పాటు హ్యూమిక్ ఆమ్లాల్లో కొంత భాగం కూడా అడుక్కి దిగుతుంది. నాచు కోసం ముడినీటిలోనే క్లోరిన్ వేసే అలవాటును వీలైనంత తగ్గించి, వడపోత తర్వాత వేస్తే ఉపోత్పత్తులు గణనీయంగా తగ్గుతాయి. ఉత్తేజిత బొగ్గు పడకలు ఖర్చుతో కూడినవే కాని, సమర్థంగా పనిచేస్తాయి. పద్ధతి మార్చేముందు గొట్టాలనూ చూసుకోవాలి. 2000లో వాషింగ్టన్ నగరం ఉపోత్పత్తులు తగ్గించడానికి క్లోరమైన్‌కు మారితే, పాత గొట్టాల్లోని సీసం నీటిలోకి దిగింది.

అపార్ట్‌మెంట్లలో సంపునూ ట్యాంకునూ ఏడాదికి రెండు మూడు సార్లయినా కడిగించాలి, మూతలు బిగుతుగా ఉంచాలి, ట్యాంకుకు నీడ కల్పించాలి. మిగులు క్లోరిన్ ఉన్న నల్లా నీటికి మళ్లీ బ్లీచింగ్ పౌడర్ కలపనక్కరలేదు. స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలి.

వంటింట్లో మూత తీసి కొన్ని నిమిషాలు మరిగిస్తే క్రిములు చస్తాయి, ట్రైహాలోమీథేన్లు చాలావరకు ఎగిరిపోతాయి. హాలోఎసిటిక్ ఆమ్లాలు అంత తేలిగ్గా పోవు. ఆర్‌ఓ మెషీన్‌లో పొర కన్నా ముందుండే బొగ్గు క్యాండిల్ క్లోరిన్‌నూ ట్రైహాలోమీథేన్లనూ పట్టుకుంటుంది, పొర హాలోఎసిటిక్ ఆమ్లాలను ఆపుతుంది. బొగ్గుకు పట్టు తీరాక అది పేరుకే ఉన్నట్టు, కాబట్టి గడువు ప్రకారం మార్చాలి. మెషీన్ నుంచి వచ్చే నీటిలో క్లోరిన్ మిగలదు. ఆ నీళ్లు నిలవ చేసే గిన్నె అయినా, 20 లీటర్ల క్యాన్ అయినా శుభ్రంగా లేకపోతే క్రిములు మళ్లీ పెరుగుతాయి. కడిగిన పాత్రలో పట్టి, మూత పెట్టి, ఒకటి రెండు రోజుల్లో వాడేసుకోవాలి.